పాత కంప్యూటరుకు మోడెమ్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ప్రశ్నలన్నీ పాత పీసీల్లో మోడెమ్ (ఫోను లైను మీద కంప్యూటర్లను కలిపే పెట్టె), దాన్ని నడిపే కమ్యూనికేషన్ సాఫ్ట్‌వేర్ పనిచేయించడం గురించే. ఆదేశాలను ఇక్కడ తెలుగు లిపిలో అచ్చువేస్తున్నాం. కీబోర్డు మీద వాటిని ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో కొట్టాలి.

ప్రశ్న: మా రైస్ మిల్లు ఆఫీసు అటక మీద పీసీ ఎక్స్‌టీ (1980ల నాటి పాతరకం కంప్యూటరు) ఒకటి ఉంది. 640 కేబీ మెమరీ, 20 ఎంబీ హార్డ్ డిస్కు. ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ 3.3 చక్కగా లేస్తోంది. బయట పెట్టుకునే 2400 (సెకనుకు 2,400 బిట్ల వేగం) మోడెమ్ కూడా ఉంది. ఫ్లాపీ డ్రైవు మాత్రం ఏ డిస్కూ చదవడం లేదు. దీంట్లోకి కమ్యూనికేషన్ సాఫ్ట్‌వేర్ ఎక్కించేదెలా? ఏది ఎక్కించమంటారు?
– తాడేపల్లిగూడెం పాఠకుడు

జవాబు: సాఫ్ట్‌వేర్ మాట తర్వాత. ముందు సీరియల్ పోర్టు (మోడెమ్ కేబుల్ తగిలించే సాకెట్) ప్రాణంతో ఉందో లేదో చూడండి. డాస్‌తో వచ్చే డీబగ్ అనే ప్రోగ్రామును నడిపి, దాని గీత దగ్గర ‘డీ 40:0 ఎల్ 8’ కొట్టండి. ‘ఎఫ్8 03 ఎఫ్8 02 00 00 00 00’ లాంటి వరుస వస్తుంది. రెండేసి అంకెల జతలను వెనక నుంచి చదవాలి: 03, ఎఫ్8 కలిపితే 3ఎఫ్8, అంటే కామ్1 (మొదటి సీరియల్ పోర్టు). తర్వాతిది 2ఎఫ్8, అంటే కామ్2. వరుస మొత్తం సున్నాలైతే కంప్యూటరుకు పోర్టే కనబడలేదన్నమాట. ఏ సాఫ్ట్‌వేర్ తెచ్చినా లాభం లేదు. ‘క్యూ’ కొట్టి బయటికొచ్చి, కరెంటు తీసి, పెట్టె విప్పండి. మిల్లులో ఊక దుమ్ము, దానికి తోడు మన డెల్టా గాలిలో తేమ. కార్డు అంచున బంగారు రంగు గీతలు నల్లబడి ఉంటాయి. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక గట్టిగా నొక్కి పెట్టండి. సున్నాల జబ్బు చాలావరకు ఇక్కడే కుదురుతుంది. పెట్టె మూసేముందు పవర్ సప్లై వెనక 115/230 మీట ఉంటే అది 230 వైపు ఉందో లేదో కూడా చూసుకోండి.

ఎక్స్‌టీ వెనక 25 పిన్నుల సాకెట్లు రెండుంటాయి. పిన్నులు బయటికి పొడుచుకు వచ్చినది సీరియల్, రంధ్రాలున్నది ప్రింటరుది. మోడెమ్ కేబుల్‌ను ప్రింటరు సాకెట్లో పెట్టకండి.

ఇక ఫ్లాపీ లేకుండా ఫైలు ఎక్కించడం. ఎంఎస్-డాస్ 6, 9 పిన్నుల సీరియల్ పోర్టు ఉన్న పాత 486 గానీ, పెంటియం గానీ ఒకటి అరువు తెచ్చుకోండి. రెండు కంప్యూటర్లను నేరుగా కలపడానికి ఏడు తీగల నల్ మోడెమ్ కేబుల్ కావాలి. బజారులో దొరక్కపోతే మీరే టంకం వేసుకోవచ్చు. ఎక్స్‌టీ వైపు 25 పిన్నుల ఆడ కనెక్టరు, అవతల 9 పిన్నుల ఆడ కనెక్టరు తీసుకోండి. 25 వైపు 2ను 9 వైపు 2కి, 3ను 3కి, 7ను 5కి కలపండి. ఇవి రాకా పోకా డేటా, గ్రౌండు. తర్వాత 4ను 8కి, 5ను 7కి, 6ను 4కి, 20ని 6కి. ‘2ను 2కే కలిపితే తిన్నగా పోయినట్టే కదా’ అనుకోకండి. 25 పిన్నుల దాంట్లో పంపేది 2వ పిన్ను, 9 పిన్నుల దాంట్లో అందుకునేది 2వ పిన్ను. అందుకే సరిపోతుంది.

డాస్ 6లో ఇంటర్‌సర్వర్ అనే ప్రోగ్రాము ఉంది. ఫైలు పేరు ఎనిమిది అక్షరాల్లో ఐ, ఎన్, టీ, ఈ, ఆర్, ఎస్, వీ, ఆర్. అరువు తెచ్చిన కంప్యూటరులో దాన్ని ‘/ఆర్‌కాపీ’ తగిలించి నడపండి. ఎక్స్‌టీలో కామ్1 వాడుతున్నారని చెబితే, అక్కడ ఏం కొట్టాలో అదే తెర మీద చూపిస్తుంది. ముందుగా ఎక్స్‌టీలో ఫైళ్లు దిగాల్సిన డైరెక్టరీలోకి వెళ్లి ఉండండి. ఆ తర్వాత ‘మోడ్ కామ్1:2400,ఎన్,8,1,పీ’, దాని వెనకే ‘సీటీటీవై కామ్1’. రెండో ఆదేశంతో ఎక్స్‌టీ కీబోర్డు పనిచేయడం మానేస్తుంది. అధికారం సీరియల్ తీగ చేతికి వెళ్లింది కాబట్టి కంగారు పడకండి. ఇవతల ఎంటర్ నొక్కితే ఇంటర్‌లింక్, ఇంటర్‌సర్వర్ రెండు ఫైళ్లూ ఎక్స్‌టీలోకి చేరతాయి. మధ్యలో బిగిసిపోతే ఎక్స్‌టీని ఆపి మళ్లీ వేయడమే. డాస్ 3.3లో మోడ్ ఫైలు లేకుండా ఎవరైనా తుడిచేసి ఉంటే మాత్రం ఈ దారి సాగదు.

ఆ తర్వాత పాత్రలు తారుమారు. ఎక్స్‌టీలో ఇంటర్‌సర్వర్ నడపండి. అవతలి కంప్యూటరు కాన్ఫిగ్.సిస్ ఫైల్లో ‘డివైస్=’ వరుసగా ఇంటర్‌లింక్‌ను చేర్చి రీబూట్ చేయండి. ఎక్స్‌టీ హార్డ్ డిస్కు అక్కడ కొత్త డ్రైవు అక్షరంతో కనిపిస్తుంది. ఏ డ్రైవు ఏ అక్షరమైందో ఎక్స్‌టీ తెర మీదే ఉంటుంది. మామూలుగా కాపీ చేసుకోవచ్చు. ఇది 115200 వేగంతో మొదలవుతుంది. ఎక్స్‌టీ అందుకోలేక తడబడితే రెండు వైపులా ‘/బాడ్:19200’ ఇవ్వండి.

ఏ సాఫ్ట్‌వేర్ అన్నదానికి మా సలహా: ఎక్స్‌టీ వరకు ప్రోకామ్ 2.4 వరుసలోది చాలు. 286, ఆపైవాటికి టెలిక్స్. ఎందుకంటే టెలిక్స్‌లో జీమోడెమ్ (ఫైళ్లు పంపే ఒక పద్ధతి) సొంతంగా ఉంది, ప్రోకామ్ 2.4లో లేదు. దానితోపాటు కొలంబియా యూనివర్సిటీ వారి ఎంఎస్-డాస్ కెర్మిట్ కూడా ఒకటి పెట్టుకోండి. ముఖం అందంగా ఉండదు గానీ, గరగరలాడే లైను మీద నిలబడేది అదే.

ప్రోకామ్‌లో ఆల్ట్-పీ నొక్కి 2400, ఎన్, 8, 1, కామ్1 ఎంచుకోండి (వేగం 2400, ప్యారిటీ లేదు, 8 డేటా బిట్లు, 1 స్టాప్ బిట్ అని అర్థం). ఇప్పుడు మోడెమ్‌కు తిన్నని కేబుల్ వేయాలి. ఇందాకటి నల్ మోడెమ్ కేబుల్ దీనికి పనికిరాదు. ‘ఏటీ’ కొట్టి ఎంటర్ నొక్కితే ‘ఓకే’ రావాలి. రెండక్షరాలూ పెద్దవో, రెండూ చిన్నవో అయి ఉండాలి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే మోడెమ్ ఉలకదు పలకదు. జవాబు రాకపోతే ముందుభాగంలో దీపాలు చూడండి. ప్రోగ్రాము తెరవగానే టీఆర్ దీపం వెలగాలి. వెలగలేదంటే 20వ పిన్ను తెగింది, లేదా కామ్ నంబరు తప్పు. అక్షరం కొట్టినప్పుడల్లా ఎస్‌డీ మినుక్కుమంటే మాట మోడెమ్ దాకా చేరుతోంది. ఎస్‌డీ మినుకుతూ ఆర్‌డీ మినుకకపోతే వేగం పొంతన కుదరలేదు, లేదా ఎవరో పాతకాలంలో జవాబులు ఆపేసి దాచిపెట్టారు. ‘ఏటీ&ఎఫ్’ను గుడ్డిగానైనా కొట్టండి, ఫ్యాక్టరీ అమరికలు తిరిగొస్తాయి. రెండు దీపాలూ మౌనంగా ఉంటే మోడెమ్ తీసేసి, కేబుల్ చివర 2, 3 పిన్నులను పేపర్ క్లిప్పుతో కలిపి అక్షరాలు కొట్టండి. కొట్టినవి తెర మీదికి తిరిగొస్తే పోర్టూ కేబులూ బాగున్నాయి, రోగం మోడెమ్‌లో ఉంది.

ప్రశ్న: ఫోన్లో డయల్ టోన్ స్పష్టంగా వినిపిస్తోంది. మోడెమ్ మాత్రం ‘నో డయల్‌టోన్’ అంటోంది. లైనులో లోపం లేదని లైన్‌మ్యాన్ చెప్పి వెళ్లాడు. ఇప్పుడేం చేయాలి?
– అమలాపురం

జవాబు: లైన్‌మ్యాన్ అన్నది నిజమే. మన దేశపు డయల్ టోన్ 400 హెర్ట్జ్, దాని మీద 25 హెర్ట్జ్ ఊగిసలాట. అమెరికా టోన్ 350, 440 హెర్ట్జ్‌ల జంట. అక్కడి బజారు కోసం చేసిన మోడెమ్ మన టోన్‌ను గుర్తుపట్టక ఆగిపోతుంది. ‘ఏటీఎక్స్3’ ఇవ్వండి. అప్పుడది టోన్ కోసం ఎదురుచూడకుండా డయల్ చేస్తుంది, ఎంగేజ్ టోన్ మాత్రం గమనిస్తుంది. ఎక్స్4 అయితే రెండూ గమనిస్తుంది, మీకు వచ్చిన చిక్కు దానితోనే.

ప్రతిసారీ కొట్టనక్కర్లేదు. టెలిక్స్‌లో ఆల్ట్-ఓ నొక్కి మోడెమ్ అమరికల్లో మొదటి వరుసను ఇలా మార్చండి: ‘ఏటీ&ఎఫ్&సీ1&డీ2వీ1ఎక్స్3ఎస్0=0^ఎం’. చివర ఉన్న కేరెట్, ఎం కలిపి ఎంటర్ అని అర్థం. అది మరిచిపోతే వరుస మోడెమ్‌కు చేరుతుంది గానీ అమలు కాదు. &సీ1 ఉంటేనే అవతలి మోడెమ్ క్యారియర్ (లైను కలిసి ఉందనే కూత) పోయినట్టు ప్రోగ్రాముకు తెలుస్తుంది. &డీ2 ఉంటే ఆల్ట్-హెచ్ నొక్కినప్పుడు లైను తెగుతుంది. ఎస్0=0 లేకపోతే ఇంట్లోవాళ్లకొచ్చిన కాల్‌ను మోడెమ్ ఎత్తి చెవిలో కీచుమంటుంది.

ఆఫీసు ఇంటర్‌కామ్ ద్వారా బయటి లైను తీసుకుంటుంటే నంబరు ముందు 0 పెట్టి కామా పెట్టండి. కామా అంటే రెండు సెకన్ల విరామం. టోన్ పనిచేయని లైనయితే ‘ఏటీడీటీ’ బదులు ‘ఏటీడీపీ’.

ప్రశ్న: మాది లేసు ఎగుమతి వ్యాపారం. రాగి తీగ లైను తీసేసి ఫైబర్ ఇచ్చారు. ఆ పెట్టెకే ఫోను సాకెట్ ఉంది. పాత మోడెమ్‌ను దానికి తగిలిస్తే కూత పెట్టి, కలిసినట్టే కలిసి తెగిపోతోంది. పాత 386ను ఇక పక్కన పెట్టాల్సిందేనా?
– నర్సాపురం

జవాబు: అక్కర్లేదు. ఫైబర్ పెట్టెలో మీ గొంతు ముక్కలు ముక్కలుగా ప్యాకెట్లై వెళుతుంది. ఒక ప్యాకెట్ ఆలస్యమైతే చెవికి తెలియదు, మోడెమ్‌కు మాత్రం లయ తప్పుతుంది. పైగా ప్రతిధ్వనిని తుడిచే ఏర్పాటు వేగమైన మోడెమ్‌ల పనికి అడ్డొస్తుంది. వేగం తగ్గిస్తే కొంత నిలబడుతుంది. 56కే కాలపు మోడెమ్‌లలో చాలావాటికి ‘ఏటీ+ఎంఎస్=వీ22బీ’ ఇస్తే 2400 దగ్గర ఆగుతుంది. పెట్టె అమరికల్లో కోడెక్ (గొంతును డిజిటల్‌గా మార్చే పద్ధతి) ఎంచుకునే వీలుంటే జీ.711 ఉంచండి. గొంతును కుదించే కోడెక్‌లు మోడెమ్ కూతను పాడుచేస్తాయి.

ఇంత తంటా పడేకంటే వైఫై మోడెమ్ మేలు. ఈఎస్‌పీ8266 అనే చిన్న వైఫై బోర్డులో మోడెమ్‌లా నటించే ఫర్మ్‌వేర్ (బోర్డు లోపలి ప్రోగ్రాము) వేస్తే, అది ఏటీ ఆదేశాలను అర్థం చేసుకుని ఫోను నంబరు బదులు ఇంటర్నెట్ చిరునామాకు డయల్ చేస్తుంది. ‘ఏటీడీటీ’ తర్వాత చిరునామా, కోలన్, పోర్టు నంబరు. టెల్‌నెట్ (దూరపు కంప్యూటరులోకి లాగిన్ అయ్యే పద్ధతి) అయితే 23. 386 వైపు మీ టెలిక్స్‌లో ఏదీ మారదు. అదే దీని సుఖం.

చేసేటప్పుడు మూడు చోట్ల పొరపాటు జరుగుతుంది. ఒకటి: సీరియల్ పోర్టు వోల్టేజీ ప్లస్, మైనస్ రెండు వైపులా ఊగుతుంది, ఈఎస్‌పీ పిన్నులు 3.3 వోల్టులవి. నేరుగా కలిపితే చిప్పు పోతుంది. మధ్యలో వోల్టేజీ మార్చే మ్యాక్స్3232 చిప్పు ఉండాలి. దానికి కరెంటు కూడా 3.3 నుంచే ఇవ్వండి. మ్యాక్స్232 పేరుతో అమ్మే 5 వోల్టులది వద్దు. రెండు: వైఫై పంపే క్షణంలో ఈఎస్‌పీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. బలహీనమైన రెగ్యులేటరైతే డయల్ చేయగానే రీసెట్ అవుతుంది. 3.3 లైను మీద 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేసి, 1 ఆంప్ ఇవ్వగల 5 వోల్టుల ఛార్జర్ వాడండి. మూడు: ఇది 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే పడుతుంది. రౌటరులో 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఉంచితే పేరు కూడా కనబడదు.

చవక మ్యాక్స్3232 బోర్డుల్లో రాకా పోకా తీగలు రెండే బయటికి తెస్తారు. అలాంటి బోర్డుకు 386 వైపు 9 పిన్నుల కనెక్టరులో 4ను 6కి, 7ను 8కి కలపండి. 1వ పిన్నును కూడా కలిపేయకండి. అది క్యారియర్ పిన్ను. ఎప్పుడూ వెలిగి ఉంటే డయలింగ్ పట్టిక ‘ఇప్పటికే లైనులో ఉన్నాం’ అనుకుంటుంది. ‘కాస్త ఆగు’ అని అవతలికి చెప్పే తీగలు నిజంగా లేవు కాబట్టి 9600 దాటకండి.

వైఫై పేరు, పాస్‌వర్డు ఇచ్చే ఆదేశం ఫర్మ్‌వేరుకొక తీరుగా ఉంటుంది, దాని పుస్తకం చూడండి. టెల్‌నెట్‌లో పాస్‌వర్డు దాపరికం లేకుండా పోతుంది. బ్యాంకు పాస్‌వర్డే ఇక్కడా పెట్టకండి.

ప్రశ్న: ప్రెస్సులో జిస్ట్ కార్డు (డాస్‌లో భారతీయ లిపులు చూపే కార్డు) వేసిన పాత మిషను ఉంది. అందులో తెలుగు ఫైళ్లు బోలెడు. మోడెమ్ కేబుల్ ద్వారా కొత్త కంప్యూటరుకు పంపితే తెలుగంతా అంకెలు, గుర్తులుగా మారిపోతోంది. ఇంగ్లిష్ మాత్రం బాగానే వస్తోంది.
– పాలకొల్లు

జవాబు: మీరు 7 బిట్ల అమరికలో పంపుతున్నారు. జిస్ట్ ఫైళ్లు ఇస్కీలో ఉంటాయి. 1991లో ఐఎస్ 13194గా ప్రమాణమైన సంకేతం ఇది. ఇందులో ఇంగ్లిష్‌కు కింది 128 గళ్లు, మన లిపులకు పై గళ్లు. 7 బిట్లలో పంపితే ప్రతి తెలుగు సంకేతం నుంచీ 128 తగ్గిపోయి కింది గడిలో పడుతుంది. ‘కాకినాడ’ తీసుకోండి. క అంటే 179, దాంట్లో 128 పోతే 51, అంటే తెర మీద 3. దీర్ఘం 218 కాస్తా 90 అయి జడ్. అలా కాకినాడ మొత్తం ‘3, జడ్, 3, చదరపు బ్రాకెట్, ఎఫ్, జడ్, ప్రశ్నార్థకం’ అవుతుంది. మీ తెర మీద ఇదే వరుస కనిపిస్తే రోగం ఖాయం.

రెండు వైపులా 8, ఎన్, 1 పెట్టండి. 7, ఈ, 1 (7 బిట్లు, ఈవెన్ ప్యారిటీ) ఎక్కడా ఉండకూడదు. టెలిక్స్, ప్రోకామ్‌లలో పై బిట్‌ను తుడిచే అమరిక విడిగా ఉంటుంది, అదీ ఆపండి. తెర మీద దొర్లించి పట్టుకోవడం కాకుండా ఫైలు బదిలీ వాడండి. కెర్మిట్ అయితే ‘సెట్ ఫైల్ టైప్ బైనరీ’ ముందు కొట్టి తర్వాత ‘సెండ్’.

కొత్త కంప్యూటరులో ఆ ఫైలు వెంటనే తెలుగులో కనబడదు. ఇప్పటి యూనికోడ్‌కు మార్చాలి. లినక్స్‌లో ఐసీయూ ప్యాకేజీతో వచ్చే యూకాన్వ్‌కు ‘ఎక్స్-ఐఎస్‌సీఐఐ-టీఈ’ నుంచి ‘యూటీఎఫ్-8’కి అని చెబితే చేసిపెడుతుంది. ఇస్కీలో అన్ని భారతీయ లిపులకూ ఒకే పట్టిక కాబట్టి, చివరి ‘టీఈ’ తప్పు కొడితే మీ తెలుగు వేరే లిపిలో తేలుతుంది. కంగారుపడి మూల ఫైలును చెరపకండి.

తిరుగు దారిలో, కొత్త కంప్యూటరు నుంచి పాతదానికి, యూటీఎఫ్-8 ఫైలు పంపి ప్రయోజనం లేదు. డాస్‌కు అది అర్థం కాదు. పైగా బరువెక్కువ: ఇస్కీలో తెలుగు సంకేతం ఒక బైటు, యూటీఎఫ్-8లో మూడు. 1,500 సంకేతాల పేజీ 2400 వేగంలో ఇస్కీగా ఆరు సెకన్లలో పోతే, యూటీఎఫ్-8గా పంతొమ్మిది తీసుకుంటుంది.

డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన ఫైళ్లు ఇస్కీ కావు, వాటికి యూకాన్వ్ పనికిరాదు. 8 బిట్ల నియమం మాత్రం వాటికీ వర్తిస్తుంది.

ప్రశ్న: 386లో లోపల బిగించే మోడెమ్ కార్డును కామ్3గా పెట్టాం. మౌస్ కదిపితే డౌన్‌లోడ్ ఆగిపోతోంది. మౌస్ కదపకపోయినా 19200 దగ్గర తరచుగా సీఆర్‌సీ తప్పులు వస్తున్నాయి. కార్డు చెడిపోయిందంటారా?
– భీమవరం

జవాబు: కార్డుకేం కాలేదు. ఇవి రెండు వేరు జబ్బులు.

మొదటిది ఐఆర్‌క్యూ (పరికరం ప్రాసెసరును పిలిచే గంట) తగువు. కామ్1, కామ్3 రెంటికీ ఐఆర్‌క్యూ 4. కామ్2, కామ్4 రెంటికీ 3. మీ మౌస్ కామ్1 మీద ఉంది, మోడెమ్ కామ్3 మీద. ఒకే గంటకు ఇద్దరు లేస్తున్నారు. ఐ/ఓ కార్డు మీది కామ్2ను జంపరుతో ఆపేసి, మోడెమ్‌నే కామ్2, ఐఆర్‌క్యూ 3 చేయడం అన్నిటికన్నా శుభ్రమైన దారి. అది కుదరకపోతే మోడెమ్‌ను ఐఆర్‌క్యూ 5కు మార్చి, టెలిక్స్‌లో కామ్3కి చిరునామా 3ఈ8, ఐఆర్‌క్యూ 5 అని రాయండి. సౌండ్ కార్డు ఉంటే అది 5 మీద లేదని చూసుకోండి. ఎక్స్‌టీలో మాత్రం 5 జోలికి పోవద్దు, అక్కడ అది హార్డ్ డిస్కుది.

రెండోది యూఏఆర్‌టీ (సీరియల్ పోర్టును నడిపే) చిప్పుది. విండోస్‌లోంచి కాకుండా డాస్‌లో ఎంఎస్‌డీ అనే పరీక్ష ప్రోగ్రాము నడిపి కామ్ పోర్టుల పేజీ చూడండి. అక్కడ 8250 అని వస్తే వచ్చిన బైటును దాచుకోవడానికి ఒక్క గడే ఉంది. 19200 అంటే సెకనుకు 1,920 బైట్లు, ఒక్కోటి అర మిల్లీసెకనుకొకటి. హార్డ్ డిస్కుకు రాసేటప్పుడు కంప్యూటరు అంతకంటే ఎక్కువసేపు అటు తిరిగితే పాత బైటు మీద కొత్తది పడుతుంది. సీఆర్‌సీ తప్పంటే (డేటా సరిగ్గా చేరిందా అని చూసే లెక్క కుదరకపోవడం) అదే. స్మార్ట్‌డ్రైవ్ లాంటి డిస్కు కాష్ ప్రోగ్రాములు తీసేస్తే కొంత తగ్గుతుంది. 16550ఏ చిప్పులో 16 గళ్లుంటాయి కాబట్టి ఈ బెడద పోతుంది. బయటి మోడెమ్ వాడేవారికి ఒక వెసులుబాటు: పాత ఐ/ఓ కార్డుల్లో ఈ 40 కాళ్ల చిప్పు సాకెట్లో ఉంటే, 8250 లేదా 16450 తీసి 16550ఏను అదే సాకెట్లో గుచ్చవచ్చు. గంటు ఎటు ఉందో చూసి గుచ్చండి. పేరు చివర ‘ఏ’ లేని 16550 కొనకండి, దాంట్లో ఆ గళ్లు సరిగ్గా పనిచేయవు.

డేటాను ఆపి, వదిలే నియంత్రణ (ఫ్లో కంట్రోల్) హార్డ్‌వేరుది, అంటే తీగల ద్వారా ఉండాలి. డేటాలోనే ఆగు, సాగు సంకేతాలు పంపే ఎక్స్ఆన్/ఎక్స్ఆఫ్ ఆపేయండి, బైనరీ ఫైల్లో ఆ రెండు సంకేతాలూ ఉంటాయి, బదిలీ మధ్యలో నిలిచిపోతుంది. రాక్‌వెల్ చిప్పు మోడెమ్‌లకు ‘&కే3’, యూఎస్ రోబోటిక్స్‌కు ‘&హెచ్1&ఆర్2’.

ప్రశ్న: కొట్టిన ప్రతి అక్షరం రెండుసార్లు పడుతోంది. ఎక్స్‌మోడెమ్‌లో తెచ్చిన ఫైళ్ల చివర చెత్త అక్షరాలు చేరుతున్నాయి. వైరస్సా?
– కాకినాడ

జవాబు: వైరస్ కాదు. అక్షరాలు రెండు పడటం లోకల్ ఎకో (కొట్టిన అక్షరాన్ని మీ ప్రోగ్రాము కూడా తెర మీద చూపడం) వల్ల. టెలిక్స్‌లో ఆల్ట్-ఈ నొక్కితే పోతుంది. ఎక్స్‌మోడెమ్ 128 బైట్ల దిమ్మెలుగా పంపుతుంది. చివరి దిమ్మె నిండకపోతే మిగిలిన చోటును కంట్రోల్-జడ్‌తో నింపుతుంది. టెక్స్ట్ ఫైళ్లకు హాని లేదు. అసలు కొలతతో ఫైలు కావాలంటే జీమోడెమ్ వాడండి. లైను తెగినా ఆగిన చోటి నుంచే అందుకుంటుంది.

ప్రశ్న: వేసవి చివర పిడుగులకు కిందటేడు మోడెమ్‌తోపాటు మదర్‌బోర్డు కూడా పోయింది. మోడెమ్ స్విచ్ ఆపే ఉంచాం. స్టెబిలైజరూ ఉంది.
– రాజోలు

జవాబు: పిడుగు కరెంటు తీగ నుంచి వస్తుందనుకుని ఫోను తీగను మరిచిపోతారు. స్తంభాల మీదుగా కొబ్బరి తోటల మధ్య మైళ్ల కొద్దీ సాగిన రాగి జత అది. అటు నుంచి వచ్చింది మోడెమ్‌లోకి, అక్కడి నుంచి సీరియల్ కేబుల్ మీదుగా మదర్‌బోర్డుకు చేరింది. స్విచ్ ఆపినా తీగ తగిలే ఉంది కదా. స్టెబిలైజరుకు దీంతో సంబంధం లేదు. మబ్బు పట్టగానే గోడ దగ్గర ఫోను ప్లగ్గు లాగేయండి, తర్వాత కరెంటు ప్లగ్గు. ఫోను లైనుకు గ్యాస్ ట్యూబు రక్షణ పెట్టె పెట్టినా దానికి నిజమైన ఎర్తు ఉండాలి. మీ వైపు నేల తడి కాబట్టి ఎర్తు బాగానే దొరుకుతుంది. చెడేది పైపు దగ్గరి క్లాంపు. ఉప్పు గాలికి తుప్పు పట్టి తీగ ఊడి ఉంటుంది. ఏడాదికోసారి విప్పి, గీకి, బిగించి గ్రీజు రాయించండి.